గ్రూపులో రిప్లై ఇచ్చేటప్పుడు పాత మెసేజ్ ఎంత ఉంచాలి, ఎవరికి పంపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఈమధ్యే ఒక చర్చా గ్రూపులో చేరారు, ఒకరి ప్రశ్నకు మీకు తెలిసిన జవాబు రాశారు. "కింద చాంతాడంత పాత మెసేజ్ ఎందుకు వదిలేశారు" అని ఒకరు విసుక్కున్నారు. రెండోసారి ఆ పాతదంతా తీసేసి రాస్తే "ఇది దేనికి జవాబో తెలియడం లేదు" అని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట వినాలి, జవాబు అందరికీ వెళ్లాలా లేక అడిగినవారికే వెళ్లాలా, ధన్యవాదాలు చెబుతూ మెసేజ్ పెట్టొచ్చా అని అడుగుతున్నారు.

ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. మీరు ఏ వాక్యానికి జవాబిస్తున్నారో ఆ వాక్యం మాత్రం ఉంచి, మిగతాదంతా తీసేసి, మీ జవాబు దాని కింద రాయండి. నలుగురికీ పనికొచ్చే విషయమైతే గ్రూపుకి పంపండి, ఒక్కరికే సంబంధించినదైతే వారికి విడిగా పంపండి. ధన్యవాదాలు తప్పకుండా చెప్పండి, కాకపోతే ఏ సలహా పనిచేసిందో కూడా అందులోనే రాయండి. దాని గురించి కింద ఇంకాస్త చెబుతాను.

నేను కొన్నేళ్లుగా చర్చా గ్రూపులకు మోడరేటర్‌గా ఉంటున్నాను, మెయిల్ మీద నడిచేవీ ఉన్నాయి, వాట్సాప్, టెలిగ్రామ్‌లలో నడిచేవీ ఉన్నాయి. రిప్లైల మీద వచ్చే తగాదాలు ఎక్కడైనా ఒకేలా మొదలవుతాయి. రాసేవాళ్లు తమ జవాబును అడిగిన మనిషి ఒక్కరే చదువుతారనుకుంటారు. అడిగినవారికి తన ప్రశ్న గుర్తే కాబట్టి "అవును, రెండోదే మేలు" అన్నా అర్థమైపోతుంది. కానీ అదే జవాబును వారం రోజుల మెసేజ్‌లు ఒకేసారి చదువుకునేవారూ చదువుతారు, చర్చ మధ్యలో చేరినవారూ చదువుతారు, రెండేళ్ల తర్వాత అదే సమస్య వచ్చి గ్రూపులో వెతికేవారూ చదువుతారు. నా అనుభవంలో ఈ ఆఖరివాళ్లే ఎక్కువ, వాళ్లు ఎప్పుడూ ఏమీ రాయరు కాబట్టి మనకు కనిపించరు. వెతుకులాటలో మీ రిప్లై ఒక్కటే వాళ్ల కంటపడితే, అది ఒక్కటే చదివినా విషయం బోధపడాలి. కోట్ చేయడం (అవతలివారి వాక్యాన్ని ఉన్నదున్నట్టు చూపడం), కత్తిరించడం, సబ్జెక్ట్ లైన్ మార్చడం లాంటి పద్ధతులన్నీ దీనికోసమే పుట్టాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. మొక్కల గ్రూపులో ఒకావిడ పెద్ద మెసేజ్ పెట్టారనుకోండి. గులాబీ మొక్క ఎప్పుడు కొన్నారు, కుండీ ఎంతది, ఎండ ఎటునుంచి పడుతుంది, అన్నీ రాసి చివర్లో మూడు ప్రశ్నలు అడిగారు. దీనికి మామూలుగా వచ్చే రిప్లై ఎలా ఉంటుందంటే, పైన "నీళ్లు తగ్గించండి, రెండోదానికి అవసరం లేదు, మూడోది నాకు తెలీదు" అని ఒక లైను, దాని కింద ఆవిడ మెసేజ్ మొత్తం, ఆ కింద ఆవిడ సంతకం, ఫోన్ నంబరు, దాని కింద గ్రూపువాళ్లు ప్రతి మెయిల్‌కూ జోడించే నోటీసు. ఇప్పుడు "రెండోది" అంటే ఏమిటో తెలియాలంటే చదివేవారు కిందికి వెళ్లి లెక్కపెట్టుకొని మళ్లీ పైకి రావాలి. అదే జవాబు ఇలా ఉంటే చూడండి, ముందు బాణం గుర్తు ఉన్న లైన్లు ఆవిడ మాటలు:

> కింది ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. నీళ్లు రోజూ పోస్తున్నాను.

రోజూ పోయడం ఎక్కువై ఉండొచ్చు. రెండు అంగుళాల లోతు వరకు మట్టిలో వేలు పెట్టి చూడండి, తడి తగిలితే ఆ రోజుకు పోయకండి. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో కూడా చూడండి.

> కుండీ మార్చాలా?

అడుగు రంధ్రంలోంచి వేళ్లు బయటికి రాకపోతే ఇప్పుడే మార్చక్కర్లేదు.

అంతే. ఎండ గురించి, కొన్న తేదీ గురించి ఆవిడ రాసినదంతా పోయింది, అయినా ఎవరికీ ఏమీ తక్కువ కాలేదు. మూడో ప్రశ్న ఎరువు గురించి, దానికి నా దగ్గర జవాబు లేదు కాబట్టి ఆ వాక్యం కూడా తీసేశాను, తెలిసినవాళ్లు వేరే రిప్లైలో చెబుతారు. ఆవిడ ఫోన్ నంబరు కూడా పోయింది, అది పోవడం ముఖ్యం, ఎందుకంటే మనం కత్తిరించకుండా పంపే ప్రతి రిప్లైతోనూ ఆ నంబరు ఇంకోసారి గ్రూపంతా తిరుగుతుంది.

కత్తిరించేటప్పుడు ఒక్క జాగ్రత్త. అవతలివారి మాట అర్థం మారేలా కోయకూడదు. "ఈ మందు కొట్టొచ్చు, కానీ పూత మీద ఉన్నప్పుడు వద్దు" అని ఒకరు రాస్తే, "ఈ మందు కొట్టొచ్చు" వరకే ఉంచి దానిమీద విరుచుకుపడటం నేను చాలాసార్లు చూశాను. కొందరు కావాలనే చేస్తారు, చాలామంది చదవడంలో తొందరపడి చేస్తారు, ఎలా జరిగినా ఆ రాసినాయన మనసు కష్టపడుతుంది, ఆ తర్వాత ఆయన గ్రూపులో సలహా ఇవ్వడం తగ్గించేస్తాడు. "కానీ", "అయితే", "ఒకవేళ" లాంటి మాట ఉన్న వాక్యం చివరిదాకా ఉంచండి. అది ఎవరు అన్నదో తెలిసేలా పేరు లైను కూడా ఉంచండి, ముగ్గురు నలుగురు మాట్లాడుకునే చోట ఎవరి మాటలు ఎవరికి అంటుకుంటాయో చెప్పలేం.

ఇవి నేను కల్పించినవేమీ కావు. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్‌లో 1995 అక్టోబరులో ఆర్ఎఫ్‌సీ 1855 అనే పత్రం వచ్చింది, సాలీ హాంబ్రిడ్జ్ రాశారు. రిప్లై ఇచ్చేటప్పుడు పాత మెసేజ్ సారాంశమైనా పైన రాయండి లేదా సందర్భం తెలిసేంత మేరకు ఆ మాటలైనా ఉంచండి, మొత్తం మాత్రం తిప్పి పంపకండి అని అందులో ఉంది. సంతకం నాలుగు లైన్లు దాటకూడదన్నదీ, కోపంలో రాసింది ఒక రాత్రి ఆగి పంపమన్నదీ అందులోనివే. అప్పట్లో కనెక్షన్లు నెమ్మది, చోటు ఖరీదు, కాబట్టి పొదుపు కోసం పెట్టారని కొందరు అంటుంటారు. చోటు సంగతి ఇప్పుడు పోయింది, నిజమే. చదివేవారి ఓపిక మాత్రం అప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే.

మరి ఆఫీసులో అందరూ జవాబు పైన రాసి పాతదంతా కింద వదిలేస్తారు కదా అంటారా. ఆఫీసు మెయిల్‌లో దానికి కారణం ఉంది. మధ్యలో కొత్తగా ఒకరిని కలిపితే కింద మొదటినుంచీ జరిగిందంతా వాళ్లకు కనిపిస్తుంది, తర్వాత రికార్డుగానూ ఉంటుంది. చర్చా గ్రూపులో ఆ అవసరం లేదు, పాత మెసేజ్‌లన్నీ ఆర్కైవులో, అంటే గ్రూపు దాచి ఉంచే చోట, ఉండనే ఉన్నాయి. అయినా మీ గ్రూపులో పాతవాళ్లంతా జవాబు పైనే రాస్తుంటే మీరూ అలాగే రాయండి, అక్కడ మీ ఒక్కరిదే తలకిందులుగా ఉంటే చదవడం ఇంకా కష్టం. కొత్త గ్రూపులో చేరగానే కొన్నాళ్లు ఏమీ రాయకుండా వాళ్ల తీరు గమనించమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

చాంతాడు వదిలేయడం వల్ల ఎవరికి నష్టం అని అడిగేవాళ్లకు నేను ఒకాయన సంగతి చెబుతుంటాను. మా గ్రూపులో చూపులేని సభ్యుడు ఒకాయన ఉన్నారు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వింటారు. స్క్రీన్ రీడర్ పైనుంచి కిందికి ప్రతి అక్షరం చదువుకుంటూ పోతుంది. కొత్త మాట ఒక్క లైను, దాని కింద పాత మెసేజ్‌లు ఆరు దొంతరలుగా ఉంటే, కొత్తది ఎక్కడ ముగిసిందో, ఈ వినిపిస్తున్నది నిన్న విన్నదేనో కాదో ఆయన విని తేల్చుకోవాలి. చూపున్నవాళ్లం కళ్లతో దాటేసేది ఆయన చెవులతో మొయ్యాలి. ఆయన ఒకరోజు ఈ విషయం గ్రూపులో మెల్లగా చెప్పాక, ఏ నియమానికీ లొంగనివాళ్లు కూడా కత్తిరించి పంపడం మొదలుపెట్టారు. చదవాల్సిన అక్షరాలను స్క్రీన్‌షాట్ తీసి పెట్టడం కూడా ఆయనకు గోడే, ఎర్రర్ మెసేజ్ అయినా సెట్టింగు పేరైనా ఫొటోతో పాటు టైపు చేసి కూడా పెట్టండి. అలా చేస్తే తర్వాత వెతికేవాళ్లకూ దొరుకుతుంది.

ఇక అందరికా, ఒక్కరికా. మెయిల్ గ్రూపుల్లో "రిప్లై" నొక్కితే ఎక్కడికి వెళ్తుందన్నది గ్రూపు సెట్టింగును బట్టి ఉంటుంది. కొన్నింట్లో నేరుగా గ్రూపుకి వెళ్తుంది, కొన్నింట్లో రాసిన మనిషికే వెళ్తుంది. కాబట్టి పంపే ముందు "టు" గడిలో ఎవరి అడ్రసు ఉందో ఒక్కసారి కళ్లతో చూడాలి. వ్యక్తిగత విషయాలు గ్రూపు మొత్తానికి పొరపాటున వెళ్లిన సందర్భాలన్నీ ఇక్కడే జరుగుతాయి. సాంకేతిక సమాధానం, అందరికీ ఉపయోగపడే సమాచారం, ఎవరైనా తప్పు సమాచారం ఇస్తే దాని సవరణ గ్రూపుకే వెళ్లాలి. అడ్రసు అడగడం, "మీరు ఫలానావారి అమ్మాయేనా" అని పలకరింతలు, ఎవరి భాషలోనో అక్షరదోషం ఎత్తి చూపడం, ఇవన్నీ విడిగా. మీకు విడిగా వచ్చిన మెసేజ్‌ని పంపినవారి అనుమతి లేకుండా గ్రూపులో పెట్టడం మాత్రం ఎంత కోపం వచ్చినా చేయకండి, ఒక్కసారి అలా చేసినవారితో ఆ తర్వాత ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

అందరికీ రిప్లై ఎంత దూరం పోతుందో 2016 నవంబరులో ఇంగ్లండ్‌లో తెలిసొచ్చింది. అక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఒక టెస్ట్ మెయిల్ సుమారు 8.4 లక్షల మంది ఉద్యోగులకు వెళ్లింది. అది మొదటి పొరపాటు. మెయిల్ వ్యవస్థ అంతా స్తంభించినంత పనయింది మాత్రం తర్వాత వచ్చిన రిప్లైల వల్ల. "నన్ను ఈ జాబితాలోంచి తీసేయండి" అని కొందరు అందరికీ రాశారు, "అందరికీ రిప్లై ఇవ్వకండి" అని ఇంకొందరు అదీ అందరికీ రాశారు. చిన్న గ్రూపుల్లోనూ ఇదే నడుస్తుంది. గ్రూపులోంచి వెళ్లిపోవాలంటే మెయిల్ అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు వాడాలి, లేదా అడ్మిన్‌కు ఒక్కరికే రాయాలి. ఎవరైనా పొరపాటున గ్రూపుకి రాస్తే, వారికి విడిగా దారి చెప్పండి.

ఫోన్ గ్రూపుల్లో కత్తిరించే బాధ లేదు కానీ వేరే తలనొప్పి ఉంది. యాభై మంది మాట్లాడుతున్నచోట మీరు "అవును, నాకూ అలాగే అయింది" అని టైపు చేసేలోపు మధ్యలో పది మెసేజ్‌లు వచ్చేస్తాయి. మీ "అవును" ఎవరికో తెలియదు, ఒక్కోసారి ఎవరో చెప్పిన చావు కబురు కింద వెళ్లి పడుతుంది. వాట్సాప్‌లో ఆ మెసేజ్‌ని కుడివైపుకు, టెలిగ్రామ్‌లో ఎడమవైపుకు జరిపితే దానికే అతుక్కుని రిప్లై వెళ్తుంది. టెలిగ్రామ్‌లో అయితే పెద్ద మెసేజ్‌లోంచి మీకు కావలసిన ముక్క ఒక్కటే ఎంచుకుని కోట్ చేయొచ్చు. వాట్సాప్‌లో మొత్తం మెసేజ్‌కే అతుకుతుంది, కాబట్టి అందులో మూడు ప్రశ్నలుంటే "కుండీ మార్చడం గురించి" అని మీరే మొదట్లో రాయాలి. వాయిస్ మెసేజ్‌లతో జవాబు చెప్పడం వయసు పైబడినవాళ్లకు, టైపింగ్ కష్టమైనవాళ్లకు హాయి, వాళ్లను వద్దనను. టైపు చేయగలిగినవాళ్లు మాత్రం అక్షరాల్లోనే చెప్పండి. నాలుగు నిమిషాల వాయిస్‌లో కావలసిన ముక్క మూడో నిమిషంలో ఉంటే దాన్ని వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ధన్యవాదాల సంగతి. నలభై మందికి ఒకేసారి ఫోన్ మోగేలా "థ్యాంక్స్ అండీ", దానికి "వెల్‌కమ్", దానికి దండం బొమ్మ, ఇలా సాగితే జనం గ్రూపును మ్యూట్‌లో పెట్టేస్తారు, తర్వాత ముఖ్యమైన ప్రశ్న వచ్చినా చూడరు. మామూలు థ్యాంక్స్‌కు ఆ మెసేజ్ మీదే ఎమోజీ రియాక్షన్ పెడితే చాలు. కానీ మీరు అడిగిన ప్రశ్నకు నాలుగు సలహాలు వచ్చి, వాటిలో ఒకటి పనిచేస్తే, వెనక్కి వచ్చి ఏది పనిచేసిందో ఒక పూర్తి మెసేజ్ రాయండి. "నీళ్లు రెండు రోజులకోసారి చేశాను, మూడు వారాల్లో కొత్త ఆకులు వచ్చాయి, కుండీ మార్చలేదు" అని. చర్చా గ్రూపుల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ కోరుకునేది ఇదే, అన్నిటికన్నా తక్కువగా కనిపించేదీ ఇదే. సలహా ఇచ్చినవారికి తమ మాట నిలిచిందో లేదో తెలుస్తుంది, తర్వాత వెతుక్కుంటూ వచ్చేవారికి నాలుగింటిలో ఏది ముందు చేసి చూడాలో తెలుస్తుంది. ఏదీ పనిచేయకపోయినా వచ్చి చెప్పండి, అదీ సమాచారమే.

దీనికి పూర్తి విరుద్ధమైన పని, జవాబు దొరికాక ప్రశ్నను డిలీట్ చేయడం. కొందరు మొహమాటంతో చేస్తారు, "ఇంత చిన్న విషయం అడిగానేంటి" అనుకొని. అప్పుడు సమయం పెట్టి రాసినవాళ్ల జవాబులన్నీ తలా తోకా లేకుండా మిగిలిపోతాయి. వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల వరకు మెసేజ్‌ని మార్చుకోవచ్చు, అక్షరదోషాలకు అది బాగుంటుంది. అప్పటికే ఎవరైనా రిప్లై ఇచ్చి ఉంటే మాత్రం ప్రశ్న అర్థం మార్చకండి. "పొరపాటు, కుండీ ఎనిమిది అంగుళాలది" అని కింద ఇంకో మెసేజ్ పెట్టండి.

సబ్జెక్ట్ లైన్ గురించి మీరు అడగలేదు కానీ మెయిల్ గ్రూపు అయితే ఇది తెలుసుకోవాలి. కొత్త విషయం మొదలుపెట్టడానికి చాలామంది పాత మెయిల్ ఏదో తెరిచి, రిప్లై నొక్కి, సబ్జెక్ట్ మార్చేసి రాస్తారు, గ్రూపు అడ్రసు వెతికే పని తప్పుతుందని. పైకి కొత్త మెయిల్‌లాగే కనిపిస్తుంది. లోపల అలా ఉండదు. ప్రతి మెయిల్‌కూ మెసేజ్ ఐడీ అని ఒక గుర్తు ఉంటుంది. రిప్లై నొక్కగానే ఆ పాత మెయిల్ గుర్తు మీ మెయిల్ హెడర్‌లో, అంటే మామూలుగా మనకు కనిపించని భాగంలో, చేరిపోతుంది. జీమెయిల్ సబ్జెక్ట్ మారితే విడదీసి చూపిస్తుంది కానీ, థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రాములూ చాలా గ్రూపుల ఆర్కైవులూ ఆ గుర్తునే నమ్ముతాయి. మీ కొత్త ప్రశ్న పోయి ఎవరిదో పాత చర్చ కింద దాక్కుంటుంది, ఆ చర్చ మీద ఆసక్తి లేక దాన్ని మూసేసినవాళ్లు మీ ప్రశ్న చూడనే చూడరు. జవాబు రాలేదని బాధపడి నాకు రాసినవాళ్లలో కొందరి సంగతి తీరా చూస్తే ఇదే. కొత్త విషయానికి కొత్త మెయిల్ తెరవండి. అలాగే రోజు మొత్తం మెయిల్‌లు ఒకే కట్టగా వచ్చే డైజెస్ట్ తీసుకుంటుంటే, దానికి రిప్లై ఇచ్చేటప్పుడు సబ్జెక్ట్‌లో "డైజెస్ట్" అనే మాట, సంచిక నంబరు తీసేసి అసలు విషయం పేరు పెట్టండి, మీరు మాట్లాడే ఒక్క మెసేజ్ తప్ప కట్టంతా చెరిపేయండి.

విభేదించేటప్పుడు ఎలా రాయాలన్నది పెద్ద విషయం, ఇక్కడ ఒక్కటే చెబుతాను. రిప్లై రాసే ముందు ఆ థ్రెడ్, అంటే ఆ ఒక్క విషయం మీద సాగిన మెసేజ్‌ల వరస, చివరిదాకా చదవండి. సగం గొడవలు ఐదో మెసేజ్‌లో సర్దుకున్న విషయానికి రెండో మెసేజ్ చదివి కోపంగా రాయడం వల్ల వస్తాయి. చదివాక కూడా తప్పే అనిపిస్తే, ఆ వాక్యం కోట్ చేసి, అది ఎందుకు సరికాదో రాయండి. మనిషి గురించి ఒక్క మాటా వద్దు. "గూగుల్ చేస్తే దొరుకుతుంది" అని కొట్టిపారేయకండి. గూగుల్ చేసినవారికి దొరికేది ఆ మాటే అయితే వాళ్లు ఎక్కడికి పోవాలి? లింకు తెలిస్తే లింకు ఇవ్వండి, అందులో ఏముందో ఒక లైనులో చెప్పండి, తీరిక లేకపోతే ఊరుకోండి, ఇంకెవరో చెబుతారు.

ఊరికి వెళ్తూ మెయిల్‌కు ఆటో రిప్లై పెట్టేవాళ్లు, గ్రూపు మెయిల్‌లకు అది వెళ్లకుండా చూసుకోండి. సెలవుల కాలంలో "నేను అందుబాటులో లేను" అనే మెయిల్ ప్రశ్న అడిగిన ప్రతివారికీ వెళ్తుంటుంది, కొన్నిసార్లు గ్రూపుకే వచ్చి పడుతుంది. చాలా మెయిల్ సేవల్లో కాంటాక్టుల్లో ఉన్నవారికి మాత్రమే ఆటో రిప్లై పంపేలా పెట్టుకునే వీలుంది.

పాత థ్రెడ్ మీద రిప్లై ఇవ్వొచ్చా అన్నది గ్రూపును బట్టి మారుతుంది. మీ దగ్గర అప్పట్లో ఎవరికీ తెలియని పరిష్కారం ఉంటే, అడిగినవారు వెళ్లిపోయి ఎన్నేళ్లైనా సరే, అక్కడే రాయండి, వెతికేవాళ్లు వచ్చేది అక్కడికే. "నాకూ ఇదే సమస్య, ఎవరికైనా తెలిసిందా" అని అడగడానికైతే ఆ పాతదాన్ని లేపకండి, దాని లింకు ఇచ్చి కొత్తగా మొదలుపెట్టి, అందులో చెప్పినవాటిలో మీరు ఏవేవి చేసి చూశారో రాయండి.